వలలో వచ్చే పాము: సముద్రపాములపై మీ ప్రశ్నలు, మా జవాబులు

తీరప్రాంత పాఠకుల నుంచి ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావాటిలో సముద్రపాముల ఊసే ఉంది. ఒకే సంగతి అడిగినవాళ్లందరికీ కలిపి జవాబిస్తున్నాం. కాటు, చికిత్స గురించిన ప్రశ్నలకు ఎక్కువ చోటిచ్చాం.

ప్రశ్న: వల లాగినప్పుడు రొయ్యలు, జెల్లలతో పాటు బూడిదరంగు పాములు రెండో మూడో వస్తుంటాయి. తోక పట్టుకుని నీళ్లలోకి విసిరేస్తాం. ఇన్నేళ్లుగా మా బోటులో ఎవరికీ ఏమీ కాలేదు. ఇవి నిజంగా విషప్పాములేనా? (ఉప్పాడ నుంచి ఒక పాఠకుడు)

జవాబు: నిజంగా విషప్పాములే. మీరు చెప్పిన రంగు, అవి దొరికే చోటు చూస్తే అది ముక్కు సముద్రపాము అయి ఉండాలి. శాస్త్రీయ నామం హైడ్రోఫిస్ షిస్టోసస్. మన తూర్పుతీరంలో బురదనీళ్లలో, ఏటి మొగల దగ్గర, తక్కువ లోతులో ఎక్కువగా కనిపించేది ఇదే. సుమారు మీటరు పొడవుంటుంది, కొన్ని అంతకు మించి పెరుగుతాయి. వీపు బూడిదరంగు, పొట్ట మాసిన తెలుపు. పిల్లల ఒంటి మీద నల్లటి పట్టీలు స్పష్టంగా ఉంటాయి, ఈడు వచ్చేకొద్దీ అవి వెలిసిపోతాయి. పైపెదవి కొసన ఉండే పొలుసు చిలకముక్కులా కిందికి వంగి ఉంటుంది. గడ్డం కింది పొలుసు సన్నగా, బాకు మొనలా ఉండి గాడిలో దాగి ఉంటుంది. పక్కనున్న చర్మం సాగడానికి అది వీలిస్తుంది. అందుకే తలకు మించిన చేపను కూడా ఇది మింగగలదు.

ఇన్నాళ్లూ మీకేమీ కాకపోవడానికి కారణం ఉంది. సముద్రపాము విషాన్ని ఆహారం కోసం దాచుకుంటుంది. తనను తాను కాపాడుకోవడానికి కరిచినప్పుడు చాలాసార్లు విషం దింపదు, దింపినా కొంచెమే. మలేసియాలోని పెనాంగ్‌లో 1950, 60 దశకాల్లో హెచ్. అలిస్టర్ రీడ్ అనే వైద్యుడు జాలర్ల కాట్లను వరసగా పరిశీలించారు. కాటు పడినవాళ్లలో ఎక్కువమందికి విషం ఎక్కలేదనో, ఎక్కినా స్వల్పమేననో ఆయన తేల్చారు. కానీ మిగిలిన కొద్దిమందికి ఎక్కింది మామూలు విషం కాదు. ఏ కాటు ఏ రకమో కరిచిన నిమిషంలో చెప్పే దారి లేదు.

తోక పట్టి విసరడంలో ఇంకో తంటా ఉంది. నేలపాముకు పొట్ట కింద వెడల్పు పొలుసులుంటాయి, సముద్రపాముకు అవి చిన్నవైపోయాయి. డెక్కు మీద అది పాకలేదు, పొర్లుతుంది. పాకలేదు కదా అని ధీమా పడతారు. తోక పట్టి ఎత్తగానే ఒళ్లు మెలితిప్పి చేతి దాకా వచ్చేస్తుంది.

ప్రశ్న: మరి వలలోంచి ఎలా తీయాలి? చేపలు ఏరేటప్పుడు ఏ జాగ్రత్తలు తీసుకోవాలి? (కాకినాడ, ఇదే ప్రశ్న నిజాంపట్నం నుంచి కూడా)

జవాబు: కాట్లు ఎక్కువగా పడేది రెండు చోట్ల. ఒకటి, వల సంచి విప్పి కుప్ప పోసి చేతులతో ఏరేటప్పుడు. రెండు, మొగలో, బురదలో కాళ్లతో నడిచేటప్పుడు. ఈత కొట్టేవాళ్లను కరిచిన సందర్భాలు వీటితో పోలిస్తే చాలా తక్కువ.

సంచి విప్పిన వెంటనే కుప్పలో చెయ్యి పెట్టకండి. పొడుగాటి పిడి ఉన్న కొక్కి కర్రతోనో, పారతోనో కుప్పను పలచగా పరవండి. కింద ఇరుక్కున్న పాము అప్పుడు బయటపడుతుంది. పాము కనబడితే కర్ర కొక్కిని నడుముకు తగిలించి ఎత్తి, నేరుగా బోటు అంచు దాటించి నీళ్లలో జారవిడవాలి. కర్ర మీటరుకు తగ్గకూడదు. వల కళ్లలో చిక్కుకున్న పామును చేత్తో విడదీయడానికి పూనుకోకండి. వల కళ్లు రెండు కోసి పామును వదిలేస్తే పోయేదేమీ లేదు, ఆ కళ్లను ఒడ్డుకొచ్చాక అల్లుకోవచ్చు. కాళ్లకు మోకాలు దాకా రబ్బరు బూట్లు, చేతులకు మందపాటి రబ్బరు తొడుగులు ఉంటే మంచిది. ఈ పాముల కోరలు చాలా పొట్టివి, కొద్ది మిల్లీమీటర్లే. మందపాటి రబ్బరు వాటిని చాలావరకు అడ్డుకుంటుంది. పూర్తిగా అడ్డుకుంటుందని మాత్రం హామీ లేదు.

రాత్రి లాగిన వలకే ప్రమాదం ఎక్కువ. దీపం వెలుగు మన వీపు వెనక నుంచి పడితే కుప్ప మీద మన నీడే పడుతుంది. పాముకూ పాముచేపకూ తేడా తెలియదు. దీపం ఎదురుగా, ఎత్తులో కట్టుకోండి.

చచ్చినట్టున్న పామునూ నమ్మొద్దు. చచ్చిన పాము తల కొంతసేపటి వరకు, కొన్నిసార్లు గంటల తరబడి, తాకితే కరవగలదు. ఐసు పెట్టెలో చేపల మధ్య దొర్లిన పాము తల మీద చెయ్యి పడితే అంతే సంగతి.

ప్రశ్న: కాటు పడితే ఎలా తెలుస్తుంది? బోటులోనే ఏం చెయ్యాలి? ఒడ్డుకు రావడానికి ఐదారు గంటలు పడుతుంది. (విశాఖపట్నం హార్బర్ నుంచి ఒక సరంగు)

జవాబు: ఇది అన్నింటికంటే ముఖ్యమైన ప్రశ్న. తాపీగా చదివి, మీ కలాసీలకు కూడా చెప్పండి.

నాగుపాము, రక్తపింజర కాటేస్తే మంట, వాపు ఉంటాయి. సముద్రపాము కాటుకు అవేవీ ఉండవు. చీమ కుట్టినట్టో ముల్లు గుచ్చుకున్నట్టో అనిపించి ఊరుకుంటుంది. వాపు రాదు, రక్తం పెద్దగా కారదు. జెల్ల ముల్లు గుచ్చుకుందనుకుని పని కొనసాగిస్తారు. ఇక్కడే తేడా చూసుకోవాలి. జెల్ల ముల్లు గుచ్చుకుంటే వెంటనే భరించలేనంత సలుపు, వాపు. పాము కాటైతే ఆ సలుపు ఉండదు, చర్మం మీద రెండు మూడు చిన్న చుక్కలే మిగులుతాయి. ఒక్కోసారి విరిగిన పన్ను ముక్క పుండులో ఉండిపోతుంది.

విషం ఎక్కితే అరగంట నుంచి మూడు నాలుగు గంటల్లోపు సంగతి బయటపడుతుంది. మొదట నాలుక మొద్దుబారినట్టు, గొంతు ఎండినట్టు, కొందరికి తలనొప్పి, వాంతి. ఆ తర్వాత అసలు గుర్తు: ఒళ్లంతా కండరాల నొప్పి. మెడ, భుజాలు, తొడలు బిగుసుకుపోతాయి. కదిపినా, ఎవరైనా పట్టి వంచినా నొప్పి. దవడ పట్టేసి నోరు తెరవడం కష్టమవుతుంది. కనురెప్పలు వాలిపోతాయి, మింగడం కష్టమవుతుంది, మాట ముద్దగా వస్తుంది. మూడు గంటలు దాటాక మూత్రం కాఫీ రంగులోకో, ముదురు ఎరుపులోకో మారవచ్చు. ఇది రక్తం కాదు. విషానికి చితికిన కండరాల్లోంచి వచ్చే మయోగ్లోబిన్ అనే పదార్థం. అది మూత్రపిండాలను పాడుచేస్తుంది. చితికిన కండరం నుంచే పొటాషియం రక్తంలోకి వచ్చి గుండె లయ చెడగొడుతుంది. శ్వాస కండరాలు పనిచేయకపోతే ఊపిరి ఆగిపోతుంది. ఈ మూడింటిలో ఏదైనా ప్రాణం తీయగలదు.

బోటులో చెయ్యాల్సింది ఇదీ. కాటు పడ్డ మనిషిని వెంటనే పని మానిపించి పడుకోబెట్టండి. నడిపించకండి. కండరం కదిలేకొద్దీ విషం త్వరగా పాకుతుంది. ఉంగరం, మొలతాడు, కడియం, బిగుతు బట్టలు తీసేయండి. పుండు మీద శుభ్రమైన గుడ్డను ఐదు సెంటీమీటర్ల చదరంగా, రెండు మూడు సెంటీమీటర్ల మందంగా మడిచి పెట్టి, దాని మీదుగా గట్టిగా కట్టండి. సాగే క్రేప్ బ్యాండేజీ ఉంటే ఇంకా మంచిది. పది, పదిహేను సెంటీమీటర్ల వెడల్పుది తీసుకుని వేళ్ల దగ్గర నుంచి పైకి, చెయ్యో కాలో మొత్తం చుట్టండి. కాలు బెణికినప్పుడు చుట్టే బిగుతు చాలు. పట్టీ కింద వేలు కష్టం మీద దూరాలి, గోళ్లు నీలం రంగుకు తిరగకూడదు. తువ్వాలు పొడవుగా చింపినా పనికొస్తుంది. తర్వాత తెడ్డో వెదురుబద్దో పెట్టి ఆ అవయవం కదలకుండా కట్టండి. ఆ కట్టు ఆసుపత్రిలో డాక్టరు విప్పాలి తప్ప దారిలో ఎవరూ విప్పకూడదు. కట్టు విప్పగానే ఒక్కసారిగా విషం ఎక్కే ప్రమాదం ఉంది.

తాడుతో బిగించడం, బ్లేడుతో కొయ్యడం, నోటితో పీల్చడం, ఐసు రుద్దడం, పసరు పోయడం, సారా తాగించడం ఇవేవీ వద్దు. ఒళ్లు నొప్పులన్నాడు కదా అని డైక్లోఫెనాక్ లాంటి నొప్పి బిళ్లలు మాత్రం అసలే ఇవ్వకండి. ఇప్పటికే ఒత్తిడిలో ఉన్న మూత్రపిండాల మీద అవి ఇంకో దెబ్బ.

మనిషి వాంతి చేసుకుంటుంటేనో, మాట ముద్దగా వస్తుంటేనో పక్కకు తిప్పి పడుకోబెట్టండి. లేకపోతే ఊపిరితిత్తుల్లోకి వాంతి పోతుంది. ఊపిరి ఆగితే నోటిద్వారా ఊదడం ఆపకండి. కండరం పనిచేయకపోయినా మెదడు, గుండె పనిచేస్తూ ఉండవచ్చు. కళ్లు తెరవలేకపోయినా, కదలలేకపోయినా ఆ మనిషికి స్పృహ ఉండవచ్చు, మాటలన్నీ వినబడవచ్చు. అంత్యక్రియల ముచ్చట్లు ఆయన ఎదుట పెట్టకండి.

ఇండియన్ కోస్ట్ గార్డుకు 1554 నంబరులో, వీహెచ్‌ఎఫ్ రేడియో సెట్టు ఉంటే దానిలోనూ సమాచారం ఇవ్వండి. ఒడ్డుకు చేరగానే 108. ఏ లక్షణమూ కనబడకపోయినా ఒక రోజు ఆసుపత్రి పరిశీలనలో ఉండటం మేలు. కాటు పడిన సమయం, ఎప్పుడు ఏ లక్షణం మొదలైంది, మూత్రం రంగు ఎప్పుడు మారింది అన్న మూడు వివరాలు కాగితం మీద రాసి తీసుకెళ్లండి. డాక్టరుకు పాము తల కన్నా ఈ మూడు లెక్కలే ఎక్కువ పనికొస్తాయి.

ప్రశ్న: మా ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పాము విషానికి విరుగుడు మందు నిల్వ ఉంది. సముద్రపాము కాటుకు అదే ఇవ్వవచ్చా? (మచిలీపట్నం దగ్గర పనిచేసే స్టాఫ్ నర్స్)

జవాబు: పనిచేయదు. మన దేశంలో దొరికే ఏఎస్‌వీ (పాము విషానికి విరుగుడు మందు) నాలుగు పాముల విషంతో తయారవుతుంది: నాగుపాము, కట్లపాము, రక్తపింజర, ఇసుకపింజర. సముద్రపాము విషం దానిలో లేదు. ఇచ్చి చూద్దాం అనుకుంటే ప్రయోజనం లేకపోగా ఎలర్జీ ప్రతిచర్య ప్రమాదం మిగులుతుంది. సముద్రపాములకు పనికొచ్చే విరుగుడు ఆస్ట్రేలియాలో తయారవుతుంది. దాన్ని ముక్కు సముద్రపాము విషంతోనే చేస్తారు, మిగతా సముద్రపాముల కాటుకూ వాడతారు. మన జిల్లాల్లో అది మామూలుగా అందుబాటులో ఉండదు.

దీంతో నిరాశ పడనక్కర్లేదు. ఈ కాటులో ప్రాణం నిలిపేది చాలావరకు వెంటిలేటరు, డయాలసిస్, సకాలంలో ఎక్కించే సెలైను. మీ దగ్గరి పని వీలైనంత త్వరగా గుర్తించి పంపడం. 20 నిమిషాల రక్తం గడ్డకట్టే పరీక్ష చెయ్యండి. సముద్రపాము విషానికి రక్తం మామూలుగానే గడ్డకడుతుంది. గడ్డకట్టకపోతే అది మరో పాము. మూత్రానికి డిప్‌స్టిక్ (మూత్రంలో ముంచి చూసే పట్టీ) పరీక్షలో రక్తం ఉన్నట్టు చూపి, సూక్ష్మదర్శినిలో ఎర్ర కణాలు కనబడకపోతే మయోగ్లోబిన్ అనుకోవాలి. ఈసీజీ తీసి టి తరంగం ఎత్తుగా, మొనదేలి ఉందేమో చూడండి. అది పొటాషియం పెరిగిన గుర్తు. కండరంలోకి ఇంజెక్షన్లు వద్దు, మందులు నరం ద్వారానే. సెలైను ఎక్కించి మూత్రం ధారాళంగా పోయేలా చూస్తూ, దాని రంగును గంటగంటకూ రాసి పెద్దాసుపత్రికి పంపండి. అక్కడ సీకే (కండరం ఎంత చితికిందో చెప్పేది), పొటాషియం, క్రియాటినిన్ (మూత్రపిండాల పనితీరు చెప్పేది) పరీక్షలు పదే పదే చేస్తారు. శ్వాసనాళంలో గొట్టం వేయాల్సి వస్తే కండరాలను సడలించే సక్సినైల్‌కోలిన్ మందు వాడకూడదని రిఫరల్ చీటీలోనే రాయండి. అది పొటాషియాన్ని ఇంకా పెంచుతుంది.

ప్రశ్న: ప్రపంచంలో అన్నింటికన్నా విషం ఎక్కువున్నది సముద్రపామే అని యూట్యూబులో చెప్పారు. నిజమేనా? (రాజమహేంద్రవరం నుంచి ఒక ఇంటర్ విద్యార్థి)

జవాబు: ఈ మాటలో రెండు మూడు లెక్కలు కలిసిపోయాయి. విషం ఎంత ఘాటు అన్నది ఒక లెక్క. ఒక్క కాటులో ఎంత విషం దిగుతుంది అన్నది మరొకటి. కాటు పడే అవకాశం ఎంత అన్నది మూడోది. ఘాటు లెక్కలో ముక్కు సముద్రపాము చాలా పైనే ఉంటుంది, నాగుపాము విషం కన్నా ఎన్నో రెట్లు. మనిషికి సుమారు ఒకటిన్నర మిల్లీగ్రాములు ప్రాణాంతకం అని అంచనా. ఒక్కో పాము నుంచి పిండితే వచ్చేది సగటున ఎనిమిది, తొమ్మిది మిల్లీగ్రాములు. నాగుపాముకు వంద మిల్లీగ్రాములకు పైనే ఉంటుంది. అంటే ఇది ఘాటు ఎక్కువ, మోతాదు తక్కువ.

విషం ఇంత ఘాటుగా ఎందుకు? నీళ్లలో కరిచిన చేప పారిపోతే వెతికి పట్టుకోవడం కష్టం. పొలంలో ఎలుకను కరిచిన పాము దాని వాసన పట్టుకుని వెళ్లగలదు, నీళ్లలో ఆ జాడ నిలవదు. కాబట్టి పట్టుకున్న చేప పట్టుకున్నచోటే చచ్చిపోవాలి.

మన దేశంలో పాముకాటు చావుల్లో సముద్రపాము వాటా చాలా చిన్నది. కట్లపాము, రక్తపింజర, నాగుపాము పొలంలో, ఇంట్లో తీసే ప్రాణాల ముందు ఇది ఏమాత్రం? అలాగని లేదని కాదు. 2018 అక్టోబరులో ఆస్ట్రేలియా ఉత్తర తీరంలో రొయ్యల ట్రాలరు మీద వల లాగుతున్న 23 ఏళ్ల యువకుడు సముద్రపాము కాటుకు చనిపోయాడు. అదీ బోటు మీద, వల దగ్గరే.

ప్రశ్న: చేపలాగా మొప్పలు లేని పాము నీళ్లలో అంతసేపు ఎలా ఉంటుంది? తాగడానికి ఉప్పునీళ్లే తాగుతుందా? (భీమవరం, ఒక సైన్సు టీచరు)

జవాబు: పిల్లలకు చెప్పడానికి పనికొచ్చే సంగతులే ఎక్కువ. పాముకు మొప్పలు లేవు, పైకి వచ్చి గాలి పీల్చాల్సిందే. కానీ దాని ఊపిరితిత్తి దాదాపు ఒంటి పొడవునా సాగి ఉంటుంది. నీళ్లలో తేలడానికీ మునగడానికీ కూడా అదే ఉపయోగపడుతుంది. ముక్కు రంధ్రాలు తల పైభాగంలో ఉంటాయి కాబట్టి తల మొత్తం పైకెత్తనక్కర్లేదు. మునిగాక వాటిని మూసే చిన్న కవాటాలు ఉన్నాయి. చర్మం కూడా పనిచేస్తుంది. పసుపుపొట్ట సముద్రపాము అనే మరో రకం తనకు కావాల్సిన ఆక్సిజన్‌లో మూడోవంతు దాకా చర్మం ద్వారా తీసుకోగలదని పరిశోధనల్లో తేలింది. కార్బన్ డయాక్సైడ్ అంతకన్నా సులువుగా చర్మం గుండా బయటికి పోతుంది. మామూలుగా అరగంట మునిగి ఉంటుంది, కొన్ని సందర్భాల్లో రెండు మూడు గంటలూ మునకలో ఉంటుంది.

తోక వెనక్కి పోయేకొద్దీ పక్కకు నొక్కినట్టు చదునై ఉంటుంది. తెడ్డులా నీళ్లను కొట్టి ముందుకు పోవడానికి అదే ఆధారం.

ఉప్పు సంగతికి వస్తే, నాలుక కింద ఒక గ్రంథి ఉంది. అది ఉప్పును వడపోసి నాలుక తొడుగులోకి వదులుతుంది. నాలుక బయటికి చాచినప్పుడల్లా ఆ ఉప్పు నీళ్లలో కలిసిపోతుంది. ఈ గ్రంథి ఉంది కాబట్టి సముద్రపునీళ్లే తాగి బతుకుతుందని చాలాకాలం అనుకున్నారు. కోస్టారికా తీరంలో పసుపుపొట్ట పాములను పరిశీలిస్తే దాహంతో ఉన్నవి కూడా ఉప్పునీళ్లు తాగలేదు. వాన కురిసినప్పుడు ఉప్పునీటి పైన పలచటి మంచినీటి పొర నిలుస్తుంది, దాన్నే తాగుతాయి. వానలు లేని నెలల్లో అవి ఎండిపోయినట్టు నీరసించి ఉంటాయి. ఏటి మొగలో ఉండే ముక్కు సముద్రపాముకు ఆ ఇబ్బంది తక్కువే.

చర్మం మీద నాచు, బార్నకిల్ అనే అంటుకుపోయే గుల్లజీవులు పట్టకుండా ఈ పాములు నేలపాముల కన్నా తరచూ కుబుసం విడుస్తాయి, రెండు నుంచి ఆరు వారాలకోసారి. గీసుకోవడానికి రాయి లేని నడిసముద్రంలో పసుపుపొట్ట పాము తన ఒంటికి తానే ముడి వేసుకుని, ఆ ముడిని తల నుంచి తోక దాకా జరుపుకుంటూ పాత చర్మం లాగేసుకుంటుంది.

ప్రశ్న: ఇవి గుడ్లు పెడతాయా, పిల్లల్ని కంటాయా? ఏం తింటాయి? (బాపట్ల)

జవాబు: ముక్కు సముద్రపాము నీళ్లలోనే పిల్లల్ని కంటుంది. ఒక కాన్పుకు పది నుంచి ముప్పై దాకా. పుట్టీపుట్టగానే పిల్ల సుమారు అడుగు పొడవుంటుంది, విషమూ సిద్ధంగా ఉంటుంది. అందుకే చిన్నది కదా అని అలుసు చెయ్యకూడదు. నేల మీదికి రావడం అనేదే ఈ పాము బతుకులో లేదు.

తిండి ఎక్కువగా జెల్లలు, తర్వాత ఉబ్బే కప్పచేప. ముళ్లున్నాయని మిగతా జంతువులు వదిలేసే చేపలే దీనికి ఇష్టం. బురదనీళ్లలో చూపు పెద్దగా పనికిరాదు. వాసనతో, తాకిడితో వెతుకుతుంది. పట్టుకున్న చేపను వదలకుండా, అది చచ్చేదాకా పళ్ల మధ్య పట్టి, తర్వాత తల వైపు నుంచి మింగుతుంది. అలా మింగితే జెల్ల ముళ్లు వెనక్కి మడుచుకుంటాయి. అన్నిసార్లూ కుదరదు, ముల్లు పాము పొట్ట చీల్చుకుని బయటికి పొడుచుకొచ్చిన సందర్భాలూ ఉన్నాయి. ఈ పామును తినేవాటిలో తెల్లపొట్ట సముద్రపు గద్ద ఒకటి.

ప్రశ్న: విశాఖ బీచ్‌లో ఉదయాన్నే నలుపు, పసుపు రంగుల పాము కనిపించింది. కదల్లేకపోతోంది. నీళ్లలోకి తోసేయాలా? దాన్ని పాముచేప అనీ అంటున్నారు. ఎలా గుర్తుపట్టాలి? (విశాఖపట్నం)

జవాబు: వీపు నలుపు, పొట్ట పసుపు, తోక మీద నలుపు పసుపు మచ్చలుంటే అది పసుపుపొట్ట సముద్రపాము. నడిసముద్రంలో నురుగు చారల వెంట కొట్టుకుపోతూ బతికే పాము. కదలకుండా తేలుతుంటే చిన్న చేపలు నీడ కోసం దాని కిందికి చేరతాయి. అది మెల్లగా వెనక్కి ఈదుతుంది, చేపలు నోటి పక్కకు రాగానే తల పక్కకు విసిరి పట్టేస్తుంది. తుపాను గాలికి, అలలకు ఒడ్డున పడితే మళ్లీ నీళ్లలోకి పోలేదు. ఒడ్డున పడినవి చాలాసార్లు దెబ్బతిన్నవో, జబ్బుపడ్డవో అయి ఉంటాయి. కాలితో, చేత్తో తొయ్యకండి. నాలుగైదు అడుగుల దూరంలో ఉండి, పిల్లల్ని, కుక్కల్ని అటు పోనివ్వకుండా అటవీ శాఖకు కబురు చెయ్యండి. సముద్రపాములకు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఉంది, చంపడం నేరం.

పాముచేపను గుర్తుపట్టడం సులువే. తల వెనక మొప్పల రంధ్రం ఉంటుంది, వీపు పొడవునా రెక్క సాగి ఉంటుంది, ఒళ్లు జిగురుగా ఉంటుంది, పైకి పొలుసులు కనబడవు. సముద్రపాముకు మొప్పలు, రెక్క రెండూ ఉండవు. ఒంటి నిండా పొలుసులు, చీలిన నాలుక, తెడ్డు తోక. ఈ గుర్తులు చూడ్డానికి దగ్గరికి మాత్రం వెళ్లకండి, ఫోనులో జూమ్ చేసి ఫోటో తీస్తే చాలు.

ప్రశ్న: కోరింగ మడ అడవుల కయ్యల్లో బురదలో కనబడే పాము కూడా సముద్రపామేనా? (యానాం)

జవాబు: బహుశా కాదు. దాని తోక గుండ్రంగా, సన్నగా ఉంటే, కళ్లు చిన్నవిగా తల పైభాగంలో ఉంటే అది కుక్కమూతి నీటిపాము. దవడ వెనక కోరలుంటాయి, విషం స్వల్పం, మనిషికి పెద్ద ముప్పు లేదు. తోక తెడ్డులా చదునుగా ఉంటే దూరంగా జరగండి. ముక్కు సముద్రపాము కూడా పోటు నీళ్లతో కయ్యల్లోకి వస్తుంది. మడ చెట్ల మధ్య చేపలకు, పీతలకు వెళ్లేవాళ్లు కాళ్లు ఎత్తి వేయకుండా బురదలో జరుపుతూ నడవడం మంచిది. పాము మీద నేరుగా అడుగు పడటం తగ్గుతుంది.

ప్రశ్న: పాము కరిచిన చేపలు, పాముతో పాటు వచ్చిన చేపలు తినవచ్చా? (నరసాపురం)

జవాబు: పాముతో పాటు వచ్చినంత మాత్రాన చేపకు ఏమీ కాదు. ఈ విషం రక్తంలోకి ఎక్కితేనే పనిచేసే ప్రొటీన్, కడుపులోకి పోతే జీర్ణరసాలు దాన్ని విరగ్గొడతాయి. ఆ వలలోనే వచ్చే ఉబ్బే కప్పచేప సంగతి మాత్రం వేరు. దాని కాలేయం, గుడ్లలో ఉండే విషం ఎంత ఉడికించినా పోదు. పాముకు భయపడి కప్పచేపను కూరకు పంచుకోవడం తలకిందుల వ్యవహారం.

ప్రశ్న: అండమాన్‌లో మా ఇంటి దగ్గర రాళ్ల మీద నీలం, నలుపు పట్టీల పాము పడుకుని ఉంటుంది. కొందరు పిల్లలు పట్టుకుంటారు కూడా. ప్రమాదమా? (శ్రీ విజయపురం, అంటే పాత పోర్ట్‌బ్లెయిర్‌లో స్థిరపడిన ఒక తెలుగు కుటుంబం)

జవాబు: అది పసుపుపెదవి సముద్ర కట్లపాము. మిగతావాటిలా కాదు, ఇది రెండు చోట్లా బతుకుతుంది. పొట్ట కింద వెడల్పు పొలుసులున్నాయి కాబట్టి నేల మీద బాగానే పాకుతుంది. పగడపు దిబ్బల్లో పాముచేపలు వేటాడి, అరిగించుకోవడానికి, కుబుసం విడవడానికి, మంచినీళ్లకు ఒడ్డుకు వస్తుంది. గుడ్లు కూడా నేల మీదే పెడుతుంది. స్వభావం నెమ్మది, నొక్కితే తప్ప కరవదు. విషం మాత్రం నిజమైనదే, నాడుల మీద పనిచేస్తుంది. పిల్లలను పట్టుకోనివ్వకండి. అండమాన్‌లో స్నార్కెలింగ్‌కు వచ్చినవాళ్లు దీన్ని వెంటాడి ఫోటో తీయడం కూడా మానాలి.

ప్రశ్న: ఖతర్‌లో ఉంటున్నాం. చలికాలంలో బీచ్‌లో పాములు కనబడుతున్నాయి. వేసవిలో లేనివి అప్పుడే ఎందుకు? (దోహా నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: పర్షియన్ గల్ఫ్‌లో సముద్రపాములు చాలా రకాలున్నాయి, పట్టీల సముద్రపాము, పసుపుపొట్ట పాము వాటిలో ఉన్నాయి. శీతాకాలంలో అక్కడి నీళ్లు బాగా చల్లబడతాయి. పాము ఒంటి వేడి నీటి వేడిని బట్టే ఉంటుంది. చలికి మందగించిన పాములు తక్కువ లోతులోకి వస్తాయి, అలలకు ఒడ్డున పడతాయి. మందకొడిగా ఉన్నా కరవగలవు. ఇసుక మీద పాదరక్షలు వేసుకోండి. కాటు పడితే స్థానిక అత్యవసర సేవలకే ఫోన్ చెయ్యండి. పైన చెప్పిన ప్రథమ చికిత్స అక్కడా వర్తిస్తుంది.

ప్రశ్న: ట్రాలర్ల వలన ఇవి తగ్గిపోతున్నాయా? (శ్రీకాకుళం)

జవాబు: ట్రాలు వలను గంటల తరబడి నీళ్లలో లాగుతారు. ఆ సంచిలో చిక్కిన పాము గాలికి పైకి రాలేక చచ్చిపోతుంది. మహారాష్ట్రలోని సింధుదుర్గ్ తీరంలో వలల్లో వచ్చే పాముల్ని లెక్కించినవారు ఒక సంగతి గమనించారు. ముక్కు సముద్రపాము వాటా పెరుగుతుంటే, షా సముద్రపాము అనే మరో రకం వాటా తగ్గుతోంది. ఒకే వల రెండింటినీ ఒకేలా దెబ్బతీయడం లేదన్నమాట. ఆస్ట్రేలియా రొయ్యల బోట్లలో వల సంచికి పైభాగంలో చిన్న తప్పించుకునే ద్వారం పెడతారు. రొయ్య దానిలోంచి పోదు, పాము చాలావరకు పోతుంది. లాగుడు సమయం తగ్గించినా పాము బతికే అవకాశం పెరుగుతుంది. పైకి తేల్చాక బతికి ఉన్నదాన్ని వెంటనే కొక్కి కర్రతో నీళ్లలోకి వదిలితే చాలావరకు తేరుకుంటుంది.

ప్రశ్న: అట్లాంటిక్ సముద్రంలో ఈ పాములు లేవంటారు. ఎందుకు? (అమెరికాలోని న్యూజెర్సీ నుంచి)

జవాబు: లేవు. సముద్రపాములు ఆసియా, ఆస్ట్రేలియా చుట్టుపక్కల వెచ్చటి నీళ్లలో పుట్టిపెరిగాయి. పసిఫిక్ దాటి మధ్య అమెరికా పడమటి తీరం దాకా చేరింది పసుపుపొట్ట పాము. అది చేరేసరికి పనామా భూసంధి అడ్డుగా నిలిచి ఉంది. ఆ భూసంధి మూసుకుపోయి సుమారు ముప్పై లక్షల ఏళ్లయింది. ఇటు ఆఫ్రికా కొస చుట్టి వెళ్దామంటే పడమటి వైపు బెంగ్వెలా చలి ప్రవాహం ఉంది, ఆ చలి వీటికి సరిపడదు. కాబట్టి మీ బీచ్‌లో పాములాంటిది కనబడితే అది పాముచేపో, నేలపామో అయి ఉంటుంది.

ప్రశ్న: మన తీరంలో ఈ పాముల గురించి మొదట రాసిందెవరు? (విజయనగరం)

జవాబు: ముందుగా రాసినవారిలో ఈస్టిండియా కంపెనీలో వైద్యుడు, ప్రకృతి పరిశోధకుడు అయిన పాట్రిక్ రస్సెల్ ముఖ్యుడు. 1780లలో విశాఖపట్నంలో ఉంటూ, కోరమాండల్ తీరపు పాములను సేకరించి రంగు బొమ్మలతో పుస్తకం వెలువరించారు. మొదటి సంపుటం 1796లో వచ్చింది. సముద్రపాములను కూడా దానిలో చేర్చి, స్థానికులు పిలిచే పేర్లతోనే రాశారు. ఆయన వర్ణనల ఆధారంగా ఫ్రాన్సులో డోడాన్ అనే ప్రకృతి పరిశోధకుడు 1803లో ముక్కు సముద్రపాముకు శాస్త్రీయ నామం పెట్టారు. ఆస్ట్రేలియాలో ఉండే ముక్కు సముద్రపాము చూడటానికి ఇలాగే ఉంటుంది కాబట్టి రెండూ ఒకటే అని చాలాకాలం అనుకున్నారు. 2013లో జన్యు పరీక్షలు చేస్తే అది వేరే జాతి అని తేలింది. ముళ్ల చేపలు మింగే అలవాటుకు తగ్గట్టు రెండూ విడివిడిగా ఒకే రకం ముక్కును పెంచుకున్నాయి.